అయస్కాంతం పాఠం, మరుగుదొడ్డి తాళం

నేను ఉద్యోగంలో చేరిన రోజున మా బడిలో అయస్కాంతాలు ఉన్నాయి. అయస్కాంతత్వం మాత్రం లేదు. రెండూ ఒకటే అనుకునే అమాయకత్వం అప్పటికి నాలో ఇంకా ఉంది.

ఈ మధ్య కొత్తగా సైన్సు టీచరు పోస్టు వచ్చిన పిల్లలు నరసరావుపేటలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, "ఎస్తేరు మేడం, ఏమన్నా టిప్స్ చెప్పండి" అంటున్నారు. సర్వీసు రిజిస్టరు గురించి, ఇంక్రిమెంట్ల గురించి చెప్పే పెద్దలు చాలామంది ఉన్నారు కాబట్టి ఆ పని వాళ్ళకే వదిలేస్తున్నాను. నేను ఫిజికల్ సైన్సు చెప్పినంత కాలం నాకు బాగా ఇష్టమైన పాఠం అయస్కాంతత్వం. ఆ ఒక్క పాఠం చుట్టూ జరిగినవి చెప్తాను. ఉద్యోగం అంటే ఏమిటో అందులోనే తెలుస్తుంది.

బీరువాలో నిద్ర

గురజాలకూ కారంపూడికీ మధ్య ఒక ఊళ్ళో సర్కారు హైస్కూలు మాది. నేను చేరినప్పటి హెడ్‌మాస్టరు గారు భద్రత విషయంలో మహా పట్టుదల గల మనిషి. దండాయస్కాంతాలు పోతే జవాబు చెప్పుకోవాలన్న భయంతో వాటిని బీరువాలో కట్టెల మోపులాగా ఒకదాని మీద ఒకటి పేర్చి తాళం వేసేవారు. ఏటా ఆయుధపూజ నాడు బయటికి తీసి పసుపు కుంకుమ పెట్టించి, మర్నాడు మళ్ళీ లోపల పెట్టేవారు. అవి వెలుతురు చూసేది ఆ ఒక్క పండక్కే.

అయస్కాంతాలను జతలుగా దాచాలి. ఒకదాని ఉత్తర ధ్రువం పక్కన ఇంకోదాని దక్షిణ ధ్రువం ఉండాలి, రెండు కొసలకూ మెత్తని ఇనప ముక్కలు ఆనించి ఉంచాలి. ఇష్టం వచ్చినట్టు కుప్ప పోస్తే ఏళ్ళు గడిచేకొద్దీ ఒకదాని సత్తువ ఒకటి తినేస్తాయి. మావి శుభ్రంగా తినేసి కూర్చున్నాయి. మొదటి క్లాసులో ఎంతో ఆర్భాటంగా ఒకటి తీసి గుండుసూదుల మీద పెట్టాను. ఒక్క సూది కదిలితే ఒట్టు. పిల్లలు మూతికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను బీరువా తాళంచెవి పట్టుకుని హెడ్‌మాస్టరు గారి గదికి వెళ్ళాను.

"మేష్టారూ, ఇవి గుండుసూదిని కూడా లేపడం లేదండీ."

"లేపకపోతే ఏందమ్మా? పుస్తకంలో నిర్వచనం ఉందిగా! అయస్కాంతం ఇనుమును ఆకర్షించును. అది చెప్పించు, సరిపోద్ది."

"అంటుకోని దాన్ని చేతిలో పెట్టి అంటుకుంటుందని ఎట్లా చెప్పేదండీ?"

"పరీక్షలో సూదులిస్తారా ఏంది? ప్రశ్నలే ఇస్తారు."

ఆయన్ను చెడ్డవాడని అననుగానీ, ఆయన పిల్లలకు చేసింది చెడుపే. కంటికి కనపడేదాన్ని కాదని, పుస్తకంలో ఉన్నదే నిజమని రాయడం ఒకసారి అలవాటైతే ఆ పిల్ల జీవితాంతం అదే చేస్తుంది. నరసరావుపేటలో మైకు సెట్లు బాగుచేసే దుకాణానికి వెళ్ళి, పగిలిన స్పీకర్ల వెనక ఉండే గుండ్రటి అయస్కాంతాలు అడిగి తెచ్చుకున్నాను. మసిబట్టి చూడ్డానికి మురికిగా ఉండేవిగానీ, గుప్పెడు మేకులు ఒక్క ఊపులో లేపేవి. వాటికి పసుపు కుంకుమ ఎవరూ పెట్టలేదు.

మాటలు మొదట ఎందుకు పుట్టాయి

నిర్వచనంతో పాఠం మొదలుపెట్టకండి. మాటతో మొదలుపెట్టండి. ఆ మాట పుట్టినప్పుడు దానికి ఏ అర్థం ఉందో చెప్పండి. పిల్లలు నిద్రపోరు.

మన పాతవాళ్ళు సూదంటురాయి అన్నారు. సూదిని అంటుకునే రాయి. చూసిందే పేరుగా పెట్టారు, అందులో దాపరికం లేదు. పండితులు వచ్చి అయస్కాంతం అన్నారు, ఇనుముకు ప్రియమైనదని. రాయికీ ఇనుముకూ ప్రేమ కట్టబెట్టారన్నమాట. ఇంగ్లీషు మాట మ్యాగ్నెట్ ఆ రాళ్ళు దొరికిన ఒక గ్రీకు ప్రాంతం పేరు మీద వచ్చిందంటారు. మనం పిడుగురాళ్ల సున్నం అన్నట్టే. ధ్రువం అన్నది అసలు ఆకాశానిది. సూది ధ్రువ నక్షత్రాన్ని చూస్తూ నిలబడుతుందని ఓడల వాళ్ళు నమ్మారు.

నాలుగు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండులో ఒక వైద్యుడు ఈ సంగతి తేల్చాలని కూర్చున్నాడు. సూదంటురాయిని బంతిలా చెక్కించి, దానికి చిన్న భూమి అని పేరు పెట్టి, దాని మీద సూదిని జరుపుతూ పోయాడు. సూది ఓడ మీద చేసినట్టే ఆ రాతి బంతి మీదా చేసింది. అయితే లాగేది నక్షత్రం కాదు, భూమే ఒక పెద్ద అయస్కాంతం అన్నాడు. ఆయనకు ఆకర్షణ అన్న మాట నచ్చలేదు. ఒకటి లాగడం, ఇంకోటి లాగబడడం కాదు, రెండూ ఒకదాని దగ్గరికి ఒకటి వస్తాయి కాబట్టి దాన్ని కలయిక అనాలన్నాడు. నేను దీన్ని నీళ్ళ టబ్బులో చూపించేదాన్ని. ఒక థర్మాకోల్ ముక్క మీద అయస్కాంతం, ఇంకోదాని మీద ఇనప ముక్క పెట్టి వదిలితే రెండూ కదిలి మధ్యలో కలుసుకుంటాయి. "టీచర్, ఇనుము కూడా నడుస్తంది!" అని పిల్లలు అరిచేవాళ్ళు.

రాయి చుట్టూ దాని ప్రభావం తెలిసే మేరకు ఉండే చోటును ఆయన శక్తి మండలం అన్నాడు. మనం ఇప్పుడు అయస్కాంత క్షేత్రం అంటున్నదానికి అది తాత వరస. ఇంకా ముందటి వాళ్ళు అయస్కాంతంలోంచి కంటికి కనపడని ఆవిరి లాంటిదేదో కారుతుందనుకున్నారు. ఆ నమ్మకం పోయింది. ప్రవాహం అన్న ఊహ మాత్రం ఇంగ్లీషు ఫ్లక్స్‌కు మనం పెట్టుకున్న అభివాహం అన్న మాటలో దాక్కుని మన పుస్తకాల్లో ఇంకా జీతం తీసుకుంటూనే ఉంది. ఇంత శ్రద్ధగా పరీక్షలు చేసిన ఆ వైద్యుడే అయస్కాంతానికి ఆత్మ ఉంటుందని కూడా రాశాడు. నవ్వకండి. తెలివైనవాళ్ళ తలలో కూడా పాత సామాను కొంత ఉంటుంది. నా తలలో ఉంది, మీ తలలోనూ ఉంటుంది.

వెల్లుల్లి రోజు

పాతకాలపు పుస్తకాలు చాలావాటిలో ఒక ముక్క ఉండేది. వెల్లుల్లి రుద్దితే అయస్కాంతం శక్తి పోతుందని. ఒకరు రాశారు, ఇంకొకరు దాన్ని చూసి రాశారు, ఆ తర్వాతివాళ్ళు ఇద్దరినీ చూసి రాశారు. వందల ఏళ్ళు అలా నడిచింది. వాళ్ళందరి వంటింట్లోనూ వెల్లుల్లి ఉంది. లేచి వెళ్ళి ఒక రెబ్బ తెచ్చుకున్నవాళ్ళు మాత్రం బహు తక్కువ. ఆ వైద్యుడు తెచ్చుకున్నాడు. ఏమీ కాలేదు.

నేను ఏటా తొమ్మిదో తరగతికి వెల్లుల్లి రోజు పెట్టేదాన్ని. పిల్లలు తలా ఒక రెబ్బ తెచ్చేవాళ్ళు. దంచి, అయస్కాంతానికి పట్టించి, సూదులు లేపి చూసేవాళ్ళం. ఒక ఏడాది కొత్త హెడ్‌మాస్టరు సుబ్బారాయుడు గారు ముక్కుకు రుమాలు కట్టుకుని వచ్చారు.

"ఏందండీ ఎస్తేరు గారూ, ఇది ల్యాబా, ఊరగాయల కొట్టా?"

"ఇవాళ్టికి రెండూనండీ."

ఆ పాఠంలో ఇంకో ఆచారం కూడా ఉండేది. దిక్సూచి బల్ల మీద పెట్టే ముందు ఇనుము తీయించడం. మా వైపు ఆడవాళ్ళ చేతి గాజుకు పిన్నీసులు వేలాడకపోతే చేయి బోసిగా ఉన్నట్టు లెక్క. జడలో క్లిప్పులు, జామెట్రీ బాక్సులు, ఇంటి తాళంచెవులు అన్నీ గది బయట గట్టు మీదికి పోవాలి. అప్పుడు గానీ బలరేఖలు గీయడం మొదలయ్యేది కాదు. ఎన్నిసార్లు చెప్పినా నా పిన్నీసు నేనే మర్చిపోయేదాన్ని. "టీచర్, ముందు మీ గాజు!" అని కనిపెట్టి అరిచే పిల్ల షాహీన. వాళ్ళమ్మ నూర్జహాన్ మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్ళేది. ఇల్లు ఊరి చివర కాలనీలో. అయస్కాంతం చుట్టూ రేఖలు గీయడంలో షాహీన చెయ్యి ఎంత నెమ్మదంటే, పెన్సిలు వంకర పోవడం నేను చూడలేదు. ఈ పిల్ల చదువుకోవాలి అని మనసులో గట్టిగా అనుకున్న పిల్లల్లో ఆమె ఒకతె.

శాటిలైట్ ఉత్తరం

షాహీన పదో తరగతిలోకి వచ్చేసరికి, ముందు బ్యాచి ఫలితాలు ఘోరంగా వచ్చి ఉన్నాయి. కారణం గేటు దగ్గర గేదెలు కాసేవాడికి కూడా తెలుసు. లెక్కల టీచరు బదిలీ మీద వెళ్ళాడు, ఆ కుర్చీలోకి ఎవరూ రాలేదు. టీచరు కావాలని పెట్టిన అర్జీ ఆఫీసు నుంచి ఆఫీసుకు కాళ్ళకు బలపం కట్టుకుని తిరుగుతోంది. ఈలోగా బడి కమిటీ చైర్మన్ సాంబిరెడ్డి గారు కారణం వేరే కనిపెట్టారు. వాస్తు దోషం. అర్జీకి జవాబు రాలేదుగానీ సిద్ధాంతి గారు మాత్రం కబురు అందిన మర్నాడే కారులో దిగారు.

ఆయన చేతిలో పెద్ద ఫోను. దానికి పుస్తకం అట్టలా తెరుచుకునే నల్ల కవరు. అట్ట వెనక్కి మడిచి, ఫోనులో దిక్సూచి తెరిచి, ఆవరణంతా గంభీరంగా తిరిగారు. మా బడి స్థలం రోడ్డుకు మూలగా ఉంటుంది. ఏ మూల ఏ దిక్కు కిందికి వస్తుందో కంటితో చెప్పడం కొంచెం కష్టమే. ఆడపిల్లల మరుగుదొడ్ల దగ్గర ఆయన ఆగిపోయారు.

"ఈశాన్యం! ఈశాన్యంలో మరుగుదొడ్డి! ఇంక ఈ బడికి చదువెట్లా వస్తది?"

చైర్మన్ గారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. నేను ఊరుకోలేదు.

"పొద్దు అటు పొడుస్తుంది కదండీ, ఇది ఈశాన్యం ఎట్లా అవుతుంది?"

"పొద్దును బట్టి చెప్పేది పాతకాలం లెక్క టీచరమ్మా," అన్నారు చైర్మన్ గారు నా మీద జాలిపడి. "ఇది శాటిలైట్. పోయిన వేసంగిలో మా వంటగది కూడా ఈయన ఫోనులో చూసే అటు నుంచి ఇటు మార్పించాడు."

సైన్సు టీచరుకు ఆయన సాంకేతిక పరిజ్ఞానం నేర్పుతుంటే సుబ్బారాయుడు గారు గంగిరెద్దులా తలూపారు. ఆ సాయంత్రమే మరుగుదొడ్లకు తాళం పడింది. మంచి రోజు చూసి పడగొడతారట. కొత్తవి ఎప్పుడు కడతారని అడిగితే, అది వేరే అర్జీ అన్నారు. ఆడపిల్లలు ఇంటికి పోయి రావచ్చని ప్రేయర్‌లో ప్రకటించారు. మగపిల్లలకు గోడ వెనక దోవ ఎప్పటినుంచో ఉంది, దానికి ఏ దోషమూ తగల్లేదు.

ఊళ్ళో ఇళ్ళున్న పిల్లలు ఇంటర్వెల్‌లో పరుగెత్తి వచ్చేవాళ్ళు. కాలనీ పిల్లలకు అది కుదరదు. షాహీన నీళ్ళు తాగడం మానేసింది. పొద్దున ఇంట్లో తాగదు, మధ్యాహ్నం అన్నం తిన్నాకా తాగదు. ఒకరోజు ఎండలో ప్రేయర్‌లో నిలబడి, జాతీయగీతం అయ్యేలోపే కుప్పకూలింది. ఆ మర్నాటి నుంచి బడికి రాలేదు. నేను ఇంటికి వెళ్ళాను. నూర్జహాన్ వాకిట్లో కాయలు ముందేసుకుని కూర్చుని ఉంది.

"పిల్లను బడికి పంపవేం నూర్జహాన్?"

"ఎల్లా పంపమంటావ్ టీచరమ్మా? పిల్ల నీళ్ళు తాగకుండా ఎండిపోతంది. నోరు తెరిచి నాకైనా చెప్పిందా, పడ్డాక చెప్పింది. బాత్రూముకు తాళమేసే బడి నాకెందుకు? వచ్చే వారం నుంచి నాతోపాటు కాయలకు తీసకపోతా. అక్కడ చెట్టూ పుట్టా అన్నా ఉంటయ్."

షాహీన గుమ్మంలో నిలబడి నా వైపు చూడలేదు. తల్లి మాటలో తప్పు వెతుకుదామనుకున్నాను. దొరకలేదు. తిరిగి నరసరావుపేటకు వచ్చేటప్పుడు బస్సులో నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కాయలకు వెళ్ళడం మొదలుపెట్టిన పిల్ల మళ్ళీ బడి మెట్టు ఎక్కదు. నేను అలాంటి వాళ్ళను చాలామందిని పోగొట్టుకున్నాను.

మర్నాడు సుబ్బారాయుడు గారిని నిలదీశాను. ఆయన నీళ్ళు నమిలారు.

"నాకు మాత్రం ఇష్టమా అమ్మా? చైర్మన్ గారి మాట తీసేస్తే ఊళ్ళో ఉండనిస్తారా? ఆ సిద్ధాంతి గారే దోషం లేదంటే ఈ నిమిషంలో తాళం తీస్తా."

పాత మాట చేసిన పని

పడగొట్టే చోట ముగ్గు గీత వేయడానికి సిద్ధాంతి గారు ఆ వారంలోనే మళ్ళీ వచ్చారు. చైర్మన్ గారితో మాట్లాడుతూ ఫోను అట్ట మూశారు. అది టప్పున అంటుకుంది. ఆ చప్పుడు నాకు తెలుసు. ఉద్యోగమంతా ఆ చప్పుడు మధ్యే గడిపాను. అట్ట కొసన చిన్న అయస్కాంతం ఉంది. అట్ట వెనక్కి మడిచి దిక్కు చూస్తే ఆ అయస్కాంతం సరిగ్గా ఫోను వీపు మీద కూర్చుంటుంది. ఇంకేం, పాపం ఫోనుకు భూమి మాట ఎక్కడ వినపడుతుంది?

వయసులో ఉన్నప్పుడైతే అక్కడే అరిచేదాన్ని. నీ ఫోను తప్పు, నీ వాస్తు తప్పు అని. ఆయన అలిగేవారు, చైర్మన్ గారు మండిపడేవారు, నా నోరు నెగ్గేది, తాళం అలాగే ఉండేది. అయస్కాంత క్షేత్రం అన్నా లాభం లేదు. మీ సైన్సు మీ దగ్గర పెట్టుకోండి అంటారు. అందుకని నాలుగు వందల ఏళ్ళ కిందటి మాట బయటికి తీశాను.

"సిద్ధాంతి గారూ, మీ కవరులో ఒక సూదంటురాయి ఉందండీ. దానికి శక్తి మండలం ఉంటుంది. మీరు ఎటు నడిస్తే అదీ అటు నడుస్తోంది."

ఆయన చటుక్కున తిరిగారు. "శక్తి మండలమా?"

"అవునండీ. వెనకటికి ఒక గొప్ప వైద్యుడు చెప్పింది. ఆ రాయికి ఆత్మ ఉంటుందని కూడా రాశాడాయన."

ఒక్క అబద్ధం ఆడలేదు, గమనించండి.

"మరి ఇప్పుడేం చేయాలంటారు?"

"గుళ్ళోకి వెళ్ళే ముందు చెప్పులు విడుస్తారు కదండీ. దిక్కు చూసే ముందు ఇనుము విడవాలి. మా పిల్లలు అట్లాగే చేస్తారు."

ఆయన కవరు ఊడదీసి ముగ్గు డబ్బా పక్కన పెట్టారు. మొలలోని తాళంచెవుల గుత్తి తీశారు. చైర్మన్ గారిని బండి తాళంతో సహా దూరంగా జరగమన్నాను. ఆయన జరిగారు. కిటికీల దగ్గర పదో తరగతి ఆడపిల్లలు చేరి చూస్తున్నారు. ఒకతె ఉండబట్టలేక అరిచింది. "టీచర్, ముందు మీ గాజు!" నేను పిన్నీసులు తీసి గట్టు మీద పెట్టాను.

ఫోనులో దిక్కు గిర్రున తిరిగి ఇంకోచోట నిలిచింది. పక్కనే నేల మీద మా ల్యాబు దిక్సూచి పెట్టాను. రెండూ ఒకే వైపు చూపిస్తున్నాయి. సిద్ధాంతి గారు చాలాసేపు వంగి చూశారు.

"వాయవ్యం," అన్నారు చివరికి, గొంతు తగ్గించి. "వాయవ్యంలో మరుగుదొడ్డి శాస్త్ర సమ్మతమే. ఉండొచ్చు." ఆ వెంటనే తేరుకుని, "ఇన్నాళ్ళు తాళం వేయించాను కదా, ఉన్న దోషం కూడా కరిగిపోయింది" అని కలిపారు.

సుబ్బారాయుడు గారు తాళంచెవి కోసం పరుగెత్తారు. అంత జోరుగా ఆయన నడవడం నేను అంతకుముందు చూడలేదు. చైర్మన్ గారు మాత్రం కదల్లేదు. ముగ్గు డబ్బా పక్కన పడి ఉన్న కవరు వంకే చూస్తున్నారు.

"సిద్ధాంతీ, మా వంటగది చూసినప్పుడు ఈ కవరు ఉందా?"

"అది... ఇంకో మంచిరోజు చూసుకుని మాట్లాడుకుందాం రెడ్డి గారూ."

"ఉందా, లేదా?"

సిద్ధాంతి గారు కారు ఎక్కారు. సాంబిరెడ్డి గారి భార్య ఆ కొత్త వంటగదిలో పొగకు కళ్ళు మండి ఏడాదిగా తిడుతోందని ఊరందరికీ తెలుసు. ఆ సాయంత్రం ఆయన ఇంటికి ఆలస్యంగా వెళ్ళారట.

గోడ మీది అక్షరాలు

నేను ఆ సాయంత్రమే కాలనీకి వెళ్ళి నూర్జహాన్‌కు చెప్పాను. ఆమె నమ్మలేదు. మర్నాడు పని మానుకుని పిల్లతోపాటు బడికి వచ్చి, తలుపు తీసి లోపలికి తొంగి చూసి, కుళాయి తిప్పి చూసింది. ఆ తర్వాతే షాహీన బ్యాగు తన భుజం మీద నుంచి దించి పిల్ల చేతికిచ్చింది. చూడకుండా నమ్మకూడదని నేను క్లాసులో ఎంతో కష్టపడి చెప్పేదాన్ని, ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఆ రోజు నేను పాఠం చెబుతుంటే మధ్యలో షాహీన సీసా మూత తిప్పి గటగటా నీళ్ళు తాగింది. సగంలో ఆపలేదు. నేను పాఠం ఆపేశాను. పిల్లలు ఏమైందని అడిగారు. సుద్దముక్క పొడి కంట్లో పడిందని చెప్పాను. నేను ఉద్యోగంలో అందుకున్న సన్మానాలన్నీ ఒక పక్క, ఆ పిల్ల నీళ్ళు తాగడం ఒక పక్క.

నేను రిటైరయ్యే ముందు కమిటీ వాళ్ళు మరుగుదొడ్డి గోడకు రంగు వేయించి, పెద్ద అక్షరాలతో "వాస్తు ప్రకారం నిర్మితం" అని రాయించారు. వీడ్కోలు సభలో సాంబిరెడ్డి గారు మాట్లాడుతూ బడి దిక్కు సరిచేసింది సిద్ధాంతి గారేనని పొగిడి, నాకు శాలువా కప్పారు. శాలువా మంచిదే. పిన్నీసు పెట్టుకోవాల్సి వచ్చింది.

నా తర్వాత వచ్చిన సైన్సు కుర్రాడు ఆ గోడ చూసి మండిపోయి నాకు ఫోను చేశాడు. "సైన్సు టీచర్లం ఉండి ఆ రాత ఎట్లా ఉంచేది మేడం? చెరిపేస్తా." నాకూ ఆ రాత చూస్తే సిగ్గుగానే ఉంటుంది. అయినా చెప్పాను. "చెరిపెయ్యి నాయనా. దానికన్నా ముందు, రేపు ఇంకో చైర్మన్ ఇంకో ఫోను తెచ్చినా తాళం పడకుండా చూసే దారి కనిపెట్టు. కనిపెట్టేదాకా ఆ అక్షరాలు వెలిసిపోతే రంగు వెయ్యి." అతను కోపంగానే ఫోను పెట్టేశాడు.

మొన్న ఏదో పని మీద కారంపూడి వెళ్తూ బడి దగ్గర దిగాను. మన ఎండకు గోడలన్నీ తెల్లబోయి ఉన్నాయి, ఆ అక్షరాలు మాత్రం నిగనిగలాడుతున్నాయి. కొత్తగా రంగు పడింది. తలుపు దగ్గరికి వెళ్ళి చూశాను. తాళం వేసే కొండి పీకేసి ఉంది. చెక్కలో దాని చిల్లులు మాత్రం మిగిలాయి. గొళ్ళెం లోపలి వైపు బిగించారు.